లూయిస్ గరావిటో ఏడేళ్లపాటు ఎందుకు దొరకలేదు, 1,853 ఏళ్ల శిక్ష ఏమైంది

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. కొలంబియాలో లూయిస్ గరావిటో అనే ఒక్క మనిషి దాదాపు 190 మంది పిల్లలను చంపుతూ ఊరూరూ తిరుగుతుంటే ఏడేళ్లపాటు పోలీసులు ఎందుకు పట్టుకోలేకపోయారు అన్నది మొదటిది. 1,853 ఏళ్ల శిక్ష పడినవాడు పాతికేళ్లయినా గడవకముందే విడుదల కావచ్చని వార్తలు ఎలా వచ్చాయి అన్నది రెండవది. అతడు నిజంగానే అంత మేధావా అన్నది మూడవది. నేను ప్రభుత్వ వైద్య కళాశాలలో ఫోరెన్సిక్ మెడిసిన్ బోధిస్తూ, మార్చురీలో పోస్టుమార్టాలు చేస్తూ ఉద్యోగజీవితమంతా గడిపినవాడిని. గుర్తు తెలియని మృతదేహాల గుర్తింపు నాకు ప్రత్యేక ఆసక్తి ఉన్న అంశం కావడంతో ఈ కేసును చాలా ఏళ్లుగా చదువుతూ వస్తున్నాను. మీ మూడవ ప్రశ్నకు ముందే జవాబు చెబుతాను, ఎందుకంటే మిగిలిన రెండింటి జవాబులూ దానిమీదే ఆధారపడి ఉన్నాయి. అతడు మేధావి కాడు. అయిదేళ్ల చదువుకు మించి చదవనివాడు, తాగుడుకు బానిసైనవాడు, నేరస్థలంలో సీసాలూ తాళ్లూ కాగితాలూ చివరికి తన కళ్లజోడును కూడా వదిలేసి పారిపోయినవాడు. అలాంటివాడు ఏడేళ్లు దొరకలేదంటే, అతడు ఎవరి పిల్లలను ఎంచుకున్నాడో, ఆ పిల్లలు కనిపించకుండా పోయినప్పుడు ఎవరు ఎంతవరకు వెతికారో చూడాలి.

లూయిస్ ఆల్ఫ్రెడో గరావిటో కుబిల్లోస్ 1957 జనవరి 25న కొలంబియా పశ్చిమ భాగంలోని కిందియో ప్రాంతంలో, హెనోవా అనే కొండ ఊరిలో పుట్టాడు. అది కాఫీ తోటల సీమ. ఫార్క్ గెరిల్లా సైన్యాన్ని స్థాపించిన మాన్యుయెల్ మరులాండా పుట్టింది కూడా ఆ ఊరిలోనే. గరావిటో పుట్టేనాటికి ఆ దేశంలో లిబరల్, కన్సర్వేటివ్ పార్టీల మధ్య 1948లో రాజుకున్న అంతర్యుద్ధం ఇంకా పూర్తిగా చల్లారలేదు. ఆ హింసకు అతి ఘోరంగా గురైన ప్రాంతాలలో ఈ కొండలూ ఉన్నాయి. ఏడుగురు సంతానంలో అతడు పెద్దవాడు. తండ్రి తాగి వచ్చి భార్యాపిల్లలను కొట్టేవాడు. కుటుంబం ఆ రాజకీయ హింసకు భయపడి వాయె దెల్ కౌకా ప్రాంతానికి తరలిపోయింది. పన్నెండేళ్ల వయసులో కుటుంబానికి తెలిసిన ఒక పెద్ద మనిషి తనపై లైంగిక దాడులు చేశాడని గరావిటో తరువాత చెప్పాడు. ఈ వివరం ఎక్కువగా అతడి నోటి నుంచి వచ్చినదేనని గుర్తుంచుకోవాలి. అది అబద్ధమని నేను అనడం లేదు. అయితే నేరస్థుడు తన బాల్యం గురించి చెప్పే కథలో నిజమెంత, శిక్ష తగ్గించుకోవడానికి అల్లినదెంత అన్నది విడదీయడం కష్టం. అతడి తమ్ముళ్లూ చెల్లెళ్లూ అదే ఇంట్లో, అదే తండ్రి చేతి దెబ్బలు తింటూ పెరిగినవారే కదా.

పదహారేళ్లకు ఇల్లు వదిలాడు. దుకాణాలలో గుమాస్తా పనులు చేశాడు. దేవుడి పటాలూ, ప్రార్థనా కాగితాలూ అమ్ముతూ వీధులు తిరిగాడు. తాగినప్పుడు గొడవలు పెట్టుకుని ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు. తాగుడు మాన్పించే బృందాల సమావేశాలకు వెళ్లాడు. ఆత్మహత్యకు ప్రయత్నించి మానసిక వైద్యశాలలో చికిత్స కూడా పొందాడు. కొందరు మహిళలతో కలిసి ఉన్నాడు, వారి పిల్లలతో మామూలుగానే మెలిగాడని ఆ మహిళలు చెప్పారు. హత్యలు మొదలుకాకముందే ఏళ్ల తరబడి పిల్లలపై లైంగిక దాడులు చేశానని అతడే ఒప్పుకున్నాడు. ఆ పిల్లల ఇళ్ల నుంచి వచ్చిన ఒక్క ఫిర్యాదైనా గట్టి కేసుగా నిలబడి ఉంటే తరువాతి చరిత్ర వేరుగా ఉండేది. 1992 అక్టోబరులో వాయె దెల్ కౌకాలోని హముండీ అనే పట్టణంలో తొలి హత్య జరిగింది.

అతడు నేరం చేసిన తీరును అవసరమైన మేరకే చెబుతాను. ఇంటర్నెట్‌లో దీని గురించి రాసేవారిలో చాలామంది గాయాల వర్ణనతో పేజీలు నింపుతారు. దానివల్ల చదివేవాడికి కొత్తగా తెలిసేదేమీ ఉండదు, చనిపోయిన పిల్లల గౌరవం మాత్రం పోతుంది. అతడు వెతుక్కున్నది 6 నుంచి 16 ఏళ్ల మధ్య వయసున్న మగపిల్లలను. బస్టాండ్లూ, కూరగాయల సంతలూ, పార్కులూ అతడు తిరిగిన చోట్లు. అక్కడ లాటరీ టికెట్లూ, బబుల్‌గమ్మూ, వార్తాపత్రికలూ అమ్ముకుంటూ, మూటలు మోస్తూ ఎండలో తిరిగే పిల్లవాడి దగ్గరకు వెళ్లి, పశువులను తోలే పనో పెట్టెలు మోసే పనో ఉందని, కూలి బాగా ఇస్తానని చెప్పేవాడు. ఒక ఊరిలో సన్యాసిగా, మరో ఊరిలో బడిపంతులుగా, ఇంకోచోట వీధి వ్యాపారిగా, కుంటుతూ నడిచే వికలాంగుడిగా, అనాథలకు సాయంచేసే సంస్థ మనిషిగా పరిచయం చేసుకునేవాడు. ఊరి పొలిమేర దాటి, చెరకు తోటలలోకో కొండవాలు కాఫీ తోటలలోకో ఎండలో చాలాదూరం నడిపించేవాడు. పిల్లవాడు అలిసిపోయాక కట్టేసి, అత్యాచారం చేసి, కత్తితో చంపేవాడు. మళ్లీ బస్సెక్కి వేరే పట్టణానికి వెళ్లిపోయేవాడు. ఈ కథలో ‘తెలివి’ అని జనం పిలిచేది ఏదైనా ఉంటే, అది ఆ బస్సు టికెట్టే.

ఇక అసలు విషయానికి వస్తాను. 1990ల కొలంబియాలో ఒకేసారి అనేక విపత్తులు నడుస్తున్నాయి. గెరిల్లాలూ, ప్రైవేటు సాయుధ ముఠాలూ, మాదకద్రవ్యాల ముఠాలూ, సైన్యమూ ఒకరితో ఒకరు పోరాడుతుంటే పల్లెలు ఖాళీ అవుతున్నాయి. ఊరు వదిలి వచ్చిన కుటుంబాలు పట్టణాల అంచున రేకుల షెడ్లలో తలదాచుకుంటున్నాయి. దీనికి తోడు 1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కింద ఉన్న కోటా వ్యవస్థ కూలిపోయి కాఫీ ధర పడిపోయింది. పేరేరా, అర్మేనియా, మనిసాలెస్ నగరాల చుట్టూ ఉన్న కాఫీ సీమ అంతకుముందు దేశంలో కాస్త కలిగిన ప్రాంతం. ధర పడిపోయాక అక్కడి కూలీ ఇళ్ల పిల్లలు కూడా సంతల్లోకీ వీధుల్లోకీ వచ్చారు. తల్లి ఇళ్లలో పనికి వెళ్తుంది, తండ్రి ఉండడు, పదేళ్ల పిల్లవాడు పగలంతా ఏదో ఒకటి అమ్మి రాత్రికి నాలుగు నాణేలు తెస్తాడు. ఒక రాత్రి రాకపోతే, బంధువుల ఇంటికి వెళ్లాడేమో, దూరపు తోటలో కోతపనికి వెళ్లాడేమో, ముఠాలు ఎత్తుకుపోయాయేమో అని ఆ తల్లికి చుట్టుపక్కలవాళ్లు రకరకాలుగా చెబుతారు. ధైర్యంచేసి ఠాణాకు వెళ్లిన తల్లులకు, పారిపోయి ఉంటాడు, అతడే తిరిగి వస్తాడు అన్న జవాబు దొరికేది. ఈ జవాబు మన స్టేషన్లలో ఎందరు తల్లిదండ్రులు విన్నారో నాకు తెలుసు కాబట్టి, అది చదివినప్పుడు నాకు దూరదేశపు మాటలా అనిపించలేదు.

వ్యవస్థ వైపు నుంచి చూస్తే మరో కష్టం ఉంది. కొలంబియాలో నేర పరిశోధనకు బాధ్యత వహించే ఫిస్కలియా అనే ప్రాసిక్యూషన్ విభాగం 1991 రాజ్యాంగంతో పుట్టి 1992 మధ్యలో పని ప్రారంభించింది. అంటే గరావిటో తొలి హత్యకూ ఆ విభాగం పని మొదలుపెట్టడానికీ మధ్య కొన్ని నెలలే తేడా. ఏ ప్రాంతపు కార్యాలయం దానిదే, ఏ పట్టణపు ఫైలు దానిదే. ఒక ఊరిలో చెరకు తోటలో దొరికిన శవం అక్కడి అధికారికి ఒక కేసు. మూడు వందల కిలోమీటర్ల అవతల దొరికిన మరొక శవం ఇంకో అధికారికి ఒక కేసు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే బల్ల ఎక్కడా లేదు. కనిపించకుండా పోయినవారి జాతీయ రిజిస్టరు అనేది 2000లో 589వ చట్టం వచ్చాకే ఏర్పడింది. అప్పటికి గరావిటో అరెస్టయి ఏడాది దాటింది.

నా వృత్తికి సంబంధించిన ఒక సంగతి ఇక్కడ వివరంగా చెప్పాలి, దీన్ని సాధారణ కథనాలు పట్టించుకోవు. ఉష్ణమండలంలో బయట పడి ఉన్న శవం ఎంత త్వరగా అస్థిపంజరంగా మారుతుందో చూసినవారికే తెలుస్తుంది. వేడీ, తేమా, పురుగులూ, కుక్కలూ కలిస్తే కొన్ని వారాలు చాలు. చిన్నపిల్లల ఎముకలు చిన్నవీ పలుచనివీ కనుక జంతువులు వాటిని సులభంగా చెల్లాచెదురు చేస్తాయి. దొరికిన పళ్లను బట్టీ, ఎముకల చివరలు కలుసుకున్న తీరును బట్టీ వయసును బాగానే అంచనా వేయవచ్చు. యౌవనం రాని పిల్లల విషయంలో మాత్రం ఎముకలను చూసి ఆడా మగా అన్నది నమ్మకంగా చెప్పడం చాలా కష్టం. పెద్దవారిలో కటి ఎముక చూసిన వెంటనే తెలిసే విషయం పదేళ్ల పిల్లల్లో తెలియదు. లైంగిక దాడి ఆనవాళ్లు మెత్తటి కణజాలంలోనే ఉంటాయి, అది కుళ్లిపోతే అవి కూడా పోతాయి. అంటే ‘ఒకే వయసు మగపిల్లలు, ఒకే రకం దాడి’ అని ఈరోజు మనకు స్పష్టంగా కనిపించే పోలిక, ఒక చిన్న పట్టణంలో ఒక గోనెసంచిలో కొన్ని ఎముకలు అందుకున్న వైద్యుడికి కనిపించే అవకాశం చాలా తక్కువ. ఎముకల మీద కత్తి గాట్లు మాత్రం నిలుస్తాయి. పక్కన పడి ఉన్న నైలాన్ తాడు, చవకబారు మద్యం సీసా నిలుస్తాయి. గరావిటో కేసులో చివరకు శవాలను ఒకదానితో ఒకటి కలిపినవి ఇవే. నా ఉద్యోగంలో ఒకసారి పత్తి చేలో దొరికిన ఎముకలు నా బల్లమీదికి వచ్చాయి. వాటితోపాటు వచ్చిన ఒక బడి బెల్టు బకిల్‌ను పంచనామాలో రాయకుండా పారేయబోయారు. చివరికి ఆ బాలుడిని గుర్తుపట్టింది దానితోనే. అందుకే నా విద్యార్థులకు ఎముకల కంటే ముందు వాటి చుట్టూ ఉన్న చెత్తను చూడమని చెప్పేవాడిని.

సంఖ్య పెరిగి, పేరేరా నగరం చుట్టుపక్కల 1997, 1998లలో వరుసగా పిల్లల అస్థికలు బయటపడటం మొదలయ్యాక దేశం ఉలిక్కిపడింది. అప్పుడు కూడా మొదట వచ్చిన ఆలోచనలు ఒక్క మనిషి వైపు పోలేదు. సైతానును కొలిచే రహస్య మతశాఖ అన్నారు. అవయవాలు అమ్మే ముఠా అన్నారు. వీధిపిల్లలను ‘ఏరిపారేసే’ సాయుధ ముఠాల పని అన్నారు. ఈ చివరి అనుమానం ఎంత సహజంగా వచ్చిందో గమనించండి. ఆ దేశంలో అప్పటికే నిరాశ్రయులనూ వీధివాళ్లనూ చంపి దానికి ‘సామాజిక ప్రక్షాళన’ అని పేరు పెట్టుకున్న ముఠాలు ఉన్నాయి. పేరేరాలో పిల్లలపై నేరాల చరిత్ర ఉన్న మరొక వ్యక్తిని అనుమానంతో పట్టుకున్నారు కూడా. అతడు జైలులో ఉండగానే శవాలు దొరకడం ఆగలేదు. అప్పుడు గానీ పరిశోధకులు తమ ఊహను మార్చుకోలేదు.

నిజం చెప్పాలంటే గరావిటో పేరు అంతకుముందే ఒక ఫైలులో ఉంది. 1996లో బొయాకా ప్రాంతపు రాజధాని తున్హాలో ఒక బాలుడు హత్యకు గురైనప్పుడు, అతడితో చివరిసారి కనిపించిన వ్యక్తిగా గరావిటో మీద అనుమానం వచ్చింది. అక్కడి పరిశోధకులు అతడి మీద వారంటు కూడా తీసుకున్నారు. ఆ కాగితం తున్హాలో ఉంది, శవాలు పేరేరాలో, పాల్మీరాలో, ఇంకా ఎన్నో ఊళ్లలో ఉన్నాయి. తరువాత అతడు పుట్టిన ఊరైన హెనోవా దగ్గరి కొండమీద ముగ్గురు పిల్లల శవాలు దొరికినప్పుడు, అక్కడ పడి ఉన్న ఒక కాగితం మీద చేతిరాతతో ఒక చిరునామా కనిపించింది. అది అతడి సన్నిహితురాలి ఇంటిది. ఆమె దగ్గర అతడు వదిలి వెళ్లిన సంచిలో పత్రికల కత్తిరింపులూ, బిల్లులూ, గీతలు గీసి లెక్క వేసుకున్న పుస్తకమూ ఉన్నాయి.

పాల్మీరా ఘటన ఈ కేసులో నాకు ఎప్పటికీ గుర్తుండిపోయేది. 1999 ఫిబ్రవరిలో అక్కడి చెరకు తోటలో ఒక బాలుడిని చంపాక అతడు తాగిన మత్తులో అక్కడే నిద్రపోయాడు. చేతిలోని సిగరెట్టు నుంచి ఎండిన చెరకు ఆకుకు నిప్పంటుకుంది. కాలిన గాయాలతో లేచి పరుగెత్తినవాడు కళ్లజోడూ, బూట్లూ, కొంత డబ్బూ అక్కడే వదిలేశాడు. పరిశోధకులు ఆ అద్దాలను కంటి నిపుణులకు చూపిస్తే, వాటి పవరును బట్టి అవి ఒక నిర్దిష్టమైన దృష్టిలోపం ఉన్న, నలభై దాటిన మనిషివి అయి ఉండాలని తేలింది. గరావిటోకు అప్పుడు 42 ఏళ్లు. బూట్ల అడుగు అరిగిన తీరు, ధరించినవాడు ఒక కాలు ఈడుస్తూ నడుస్తాడని చెప్పింది. పుస్తకాలు చదివి నేరస్థుడి మనస్తత్వాన్ని ఊహించడం కంటే, ఒక చెప్పు అరుగుదలను ఓపికగా చూడటం ఎంత దూరం తీసుకువెళ్లగలదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

అయినా అతడు పట్టుబడింది ఈ పరిశోధన వల్ల కాదు. 1999 ఏప్రిల్ 22న, దేశం మధ్యలో ఉన్న విల్లవిసెన్సియో పట్టణంలో లాటరీ టికెట్లు అమ్మే పన్నెండేళ్ల బాలుడిని ఊరి బయటకు తీసుకువెళ్లి కట్టేశాడు. ఆ పొదలలో ఉన్న ఒక నిరాశ్రయ యువకుడు పిల్లవాడి అరుపులు విని, గరావిటో మీద రాళ్లు విసురుతూ కేకలు వేశాడు. ఆ గందరగోళంలో పిల్లవాడూ యువకుడూ పారిపోయి ఒక ఇంటికి చేరారు, పోలీసులకు కబురు వెళ్లింది, కొన్ని గంటలలో కొండదారిలో నడిచి వస్తున్న మనిషిని పట్టుకున్నారు. అతడు చెప్పిన పేరూ, చూపిన గుర్తింపూ వేరే వ్యక్తివి. అందువల్ల కొన్ని నెలలపాటు అతడు అత్యాచార ప్రయత్నం కేసులోని మామూలు నిందితుడిగానే జైలులో ఉన్నాడు. ఆ ఏడాది మధ్యలో వివిధ ప్రాంతాల పరిశోధకులు తమ ఫైళ్లతో ఒకచోట కలిసినప్పుడే తున్హా వారంటులోని పేరు, హెనోవా కాగితం, పాల్మీరా కళ్లజోడు, విల్లవిసెన్సియో ఖైదీ అన్నీ ఒకే మనిషి దగ్గరకు వచ్చి చేరాయి. అతడికి అనుమానం రాకుండా ఆ వయసు ఖైదీలందరికీ కంటిపరీక్ష చేయించి, ఆ సమయంలో అతడి గదిలోని దిండు మీద నుంచి నమూనాలు సేకరించినట్టు ఈ కేసు మీద రాసిన నిపుణులు నమోదు చేశారు.

1999 అక్టోబరు 28న, సాక్ష్యాలు ఒక్కొక్కటిగా ముందు పెడుతుంటే, అతడు ఏడ్చి, మోకరిల్లి, క్షమించమని అడిగి, 140 మంది పిల్లలను చంపానని ఒప్పుకున్నాడు. అప్పటి ప్రాసిక్యూటర్ జనరల్ అల్ఫోన్సో గోమెస్ మెందెస్ మరునాడు ఆ వార్తను దేశానికి ప్రకటించారు. అప్పటికి 114 మంది పిల్లల అవశేషాలు దొరికాయి, దేశంలోని 32 ప్రాంతాలలో పదకొండింటికి ఆ నేరాలు విస్తరించాయి. ఈక్వడార్‌లో కూడా 1998లో హత్యలు చేశాడు. ఏ ఊరిలో, ఏ తోటలో, ఏ చెట్టు దగ్గర అన్నది కూడా చాలావాటికి చెప్పగలిగాడు. ఈ జ్ఞాపకశక్తినే చాలామంది మేధస్సు అని పొరబడతారు. తన నేరాల గురించిన పత్రికా కత్తిరింపులనూ బస్సు టికెట్లనూ దాచుకుని, గీతలు గీసి లెక్కపెట్టుకున్న మనిషికి అవి గుర్తుండటంలో వింత లేదు.

సంఖ్య గురించి మీకు ఒక హెచ్చరిక చెప్పాలి. 138, 140, 172, 190, 193, మూడు వందలకు పైగా అని వేర్వేరు చోట్ల వేర్వేరు అంకెలు కనిపిస్తాయి. అధికారులు అతడికి ఆపాదించి విచారించినవి 172, వాటిలో దోషిగా నిర్ధారణ అయినవి 138 అన్నది చాలాకాలం నిలిచిన లెక్క. తరువాతి ఒప్పుకోళ్లతో అది 190 దాటింది. అంతకు మించిన అంకెలు అంచనాలు. దక్షిణ అమెరికా హంతకుల విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఇదే కొలంబియాకు చెందిన పెద్రో లోపెస్ 1980లో ఈక్వడార్‌లోని అంబాతో పట్టణంలో దొరికాక, మూడు దేశాలలో 300 మందికి పైగా బాలికలను చంపానని చెప్పుకున్నాడు. ఆ అంకె ప్రపంచమంతా తిరిగింది, అయితే దానిలో ఎక్కువ భాగానికి అతడి మాట తప్ప ఆధారం లేదు. గరావిటో విషయం వేరు. ఇక్కడ ఎముకలు దొరికాయి, చాలామందికి పేర్లు దొరికాయి. నాకు ఆ తేడా చాలా ముఖ్యం. హంతకుడు చెప్పిన పెద్ద అంకెను మనం యథాతథంగా రాస్తే అతడి గొప్పను మనమే రాసిపెట్టినట్టు అవుతుంది. దొరికిన ప్రతి శవాన్నీ ఒక పేరుతో లెక్కిస్తే అది ఆ పిల్లల లెక్క అవుతుంది.

ఇక శిక్ష సంగతి. వేర్వేరు ఊళ్ల కోర్టులు వేర్వేరు హత్యలకు విధించిన శిక్షలన్నీ కూడితే 1,853 ఏళ్ల 9 రోజులు వచ్చింది. కొలంబియా రాజ్యాంగంలోని 11వ అధికరణం మరణశిక్షనూ, 34వ అధికరణం యావజ్జీవ ఖైదునూ నిషేధిస్తాయి. శిక్షలు ఎన్ని ఉన్నా అవి కలిసిపోయి చట్టంలోని గరిష్ఠ పరిమితి దగ్గర ఆగిపోతాయి, అతడికి వర్తించిన పరిమితి 40 ఏళ్లు. ఒకటి తరువాత ఒకటిగా జీవితాలను లెక్కించలేమన్న ఆలోచన మనకూ కొత్త కాదు. మన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2016లో జీవిత ఖైదులు వరుసగా నడవలేవని, మనిషికి ఉండేది ఒక్క జీవితమేనని చెప్పింది. తేడా ఏమిటంటే, మన జీవిత ఖైదు మామూలుగా మరణం వరకు, అక్కడ మాత్రం ఒక సంఖ్య ఉంది. ఆ 40లో నేరం ఒప్పుకున్నందుకూ, శవాలు చూపినందుకూ తగ్గింపులు లభించవచ్చు, జైలులో చేసిన పనికీ చదువుకూ మరికొన్ని రోజులు తగ్గుతాయి. అందుకే 22 ఏళ్లే మిగులుతాయన్న లెక్క పత్రికలలో కనిపించింది. శిక్షలో అయిదింట మూడు వంతులు పూర్తయితే షరతులతో విడుదల కోరే హక్కు కూడా ఉంది. 40లో అయిదింట మూడు వంతులు 24. 1999 ఏప్రిల్‌కు 24 కలిపితే 2023 ఏప్రిల్. మీరు చదివిన వార్తల వెనుక ఉన్న కూడిక ఇంతే.

పిల్లలపై నేరాలు చేసినవారికి ఇలాంటి తగ్గింపులు ఏవీ ఇవ్వరాదని 2006లో వచ్చిన 1098వ చట్టం స్పష్టంగా చెబుతుంది. అది అతడి నేరాల తరువాత వచ్చింది కాబట్టి, వెనక్కి వర్తింపజేయడం కుదరదు. అదే 2006లో టీవీ కార్యక్రమం కోసం పిర్రీ అనే పేరుతో ప్రసిద్ధుడైన పాత్రికేయుడు అతడిని జైలులో కలిశాడు. తన నేరాలను చిన్నవి చేసి మాట్లాడిన గరావిటో, బయటికి వచ్చాక రాజకీయాలలోకి వెళ్లి హింసకు గురైన పిల్లలకు సాయం చేస్తానని చెప్పాడు. అది ప్రసారమయ్యాక దేశంలో వచ్చిన ఆగ్రహం సహజమైనదే. 2021లో జైలు అధికారులు అతడి షరతుల విడుదల కోసం కాగితాలు పంపిన సంగతి బయటపడి మళ్లీ అలజడి రేగింది, న్యాయమూర్తి ఆ కోరికను తిరస్కరించారు. బాధితులకు చెల్లించాల్సిన పరిహారం అతడు చెల్లించలేదన్నది తిరస్కరణకు చూపిన కారణాలలో ఒకటి. పిల్లలను చంపినవారికి యావజ్జీవం విధించేలా 2020లో పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించింది, 2021 సెప్టెంబరులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ సవరణను కొట్టివేసింది. ఈ తీర్పు మీద నా అభిప్రాయం అడిగితే, న్యాయస్థానం వాదన నాకు అర్థమవుతుంది, ఒక రాక్షస కేసును చూసి చట్టాలన్నీ రాయకూడదని నేనూ నమ్ముతాను. కానీ శిక్ష తగ్గింపు లెక్కలో ఎక్కువ శవాలు చూపినవాడికి ఎక్కువ లాభం రావడం మాత్రం నాకు ఎన్నటికీ మింగుడుపడదు. శవాలు దొరకడం కుటుంబాలకు అవసరమే. ఆ అవసరాన్ని తీర్చగలిగినవాడు హంతకుడు ఒక్కడే అయినప్పుడు, చట్టం అతడితో బేరం ఆడక తప్పని స్థితి వస్తుంది. ఆ బేరం అవసరం రాకుండా ఉండాలంటే పిల్లవాడు కనిపించని మొదటి రోజే వెతకడం మొదలుకావాలి.

అతడు చివరి ఏళ్లు ఉత్తర కొలంబియాలోని వాయెదుపార్ నగరపు జైలులో, మిగిలిన ఖైదీల నుంచి వేరుగా గడిపాడు. తోటి ఖైదీలు చంపేస్తారన్న భయంతో, తాను నమ్మినవారు ఇచ్చిన ఆహారమే తీసుకునేవాడని చెబుతారు. రక్తక్యాన్సర్ వచ్చింది, ఒక కన్ను కూడా క్యాన్సర్ బారిన పడింది. 2023 అక్టోబరు 12న, 66 ఏళ్ల వయసులో, అదే నగరంలోని ఆసుపత్రిలో చనిపోయాడు. విడుదలకు అర్హత వచ్చే 24 ఏళ్లు పూర్తయి అప్పటికి ఆరు నెలలు కావస్తోంది. అతడు చెప్పకుండా మిగిల్చిన ఊళ్ల పేర్లు ఏవైనా ఉంటే అవి అతడితోనే పోయాయి. ఎవరి బిడ్డవో తేలని ఎముకల కోసం ఇంకా ఎదురుచూసే తల్లులకు, హంతకుడు పోయాడన్న వార్తతో ఆ ఎదురుచూపు ముగియలేదు.